రే చేపకు పాత నీరు రక్ష కాదు

మంచినీటి స్టింగ్‌రేలను పెంచేవాళ్ల మధ్య ఒక మాట వేదవాక్కులా చెలామణి అవుతోంది: ‘రే సున్నితమైన జీవి, దాని నీళ్ల జోలికి ఎంత తక్కువ వెళ్తే అంత మంచిది.’ అమ్మే దుకాణదారు ఈ మాట చెబుతాడు. కొన్నవాడు నమ్మి మరో ఇద్దరికి చెబుతాడు. నెలకోసారి కాసిన్ని నీళ్లు మారిస్తే చాలంటారు, పెద్ద ఫిల్టర్ ఉంటే అదీ అక్కర్లేదంటారు, పాతబడ్డ నీటిలోనే చేప కుదురుగా ఉంటుందంటారు. జాగ్రత్త పేరుతో చెబుతున్నారు కాబట్టి ఈ సలహాను ఎవరూ ప్రశ్నించరు. చేప చచ్చిపోయినప్పుడు కూడా ప్రశ్నించరు.

ఈ నమ్మకం తప్పు. నీళ్లు మార్చడం వల్ల రే చేప చావదు. మార్చకుండా వదిలేసిన నీటి వల్ల చస్తుంది, ఎలాంటిదో చూసుకోకుండా పోసిన నీటి వల్ల చస్తుంది. ఈ రెండు నేరాలనూ ‘నీళ్లు మార్చడం’ నెత్తిన రుద్దడం వల్లే అసలు దోషం బయటపడటం లేదు.

ఖండించే ముందు పూర్వపక్షాన్ని న్యాయంగా చెప్పుకోవాలి. వాళ్ల వాదనలు నాలుగు. ఒకటి, ఈ చేపకు నిలకడైన నీరు కావాలి, కొత్త నీరు ఆ నిలకడను చెడగొడుతుంది. రెండు, మంచి ఫిల్టర్ మలినాలను శుభ్రం చేస్తూనే ఉంటుంది. మూడు, నీరు తేటగా ఉంది, వాసన లేదు, చేప తింటోంది, ఇక మార్చడమెందుకు? నాలుగోది అనుభవం నుంచి వచ్చింది: ఎన్నాళ్లో బాగున్న చేప సగం నీళ్లు మార్చిన మర్నాడే చచ్చిపోయింది. చివరిదే అన్నిటికన్నా బలమైనది, ఎందుకంటే అలా జరగడం నిజం. ఒక్కొక్కటిగా చూద్దాం.

నిలకడ సంగతి తేలాలంటే ఈ చేప పుట్టిల్లు చూడాలి. మన తీరంలో టేకు చేపలని పిలిచేవాటికి ఇవి దూరపు చుట్టాలు. పొటామోట్రైగోనిడే అనే ఈ కుటుంబం దక్షిణ అమెరికా నదులది. అమెజాన్, ఒరినోకో, పరానా పరీవాహకాల్లో ఉంటుంది. ఒంటి మీద నారింజ కళ్లలాంటి మచ్చలుండే మోటోరో జాతి చాలా నదుల్లో కనిపిస్తుంది. నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలున్న లియోపోల్డి బ్రెజిల్‌లోని షింగూ నదీ పరీవాహకానిది. హెన్లీ టొకాంటిన్స్ నదిది. ఈ నదుల నీటి స్వభావాలు వేరువేరు. రియో నెగ్రో నీరు బాగా ఆమ్లగుణంతో, ముదురు రంగులో ఉంటుంది. షింగూ, టపజోస్ నదుల నీరు తేటగా ఉంటుంది. కానీ అన్నిటిలోనూ నీరు వచ్చిపోతూనే ఉంటుంది. చేప విసర్జించిన మలినం దాని దగ్గర నిలవదు. నదిలో నిలకడ అంటే నీరు కదలకపోవడం కాదు, ఎడతెగకుండా మారుతూ ఒకే తీరున ఉండటం. మూసిన గాజుపెట్టెలో నెలల తరబడి అదే నీరుంచి దానికి నిలకడ అని పేరు పెట్టడం అన్యాయం. ఆ నీరు రోజురోజుకూ మారిపోతూనే ఉంటుంది. మారేది చెడువైపు, అంతే తేడా.

ఈ చేప శరీరం కూడా ఇదే చెబుతుంది. సముద్రపు సొరలు, టేకు చేపలు రక్తంలో యూరియాను నిలవ ఉంచుకుని ఉప్పునీటిని తట్టుకుంటాయి. ఈ కుటుంబంలోని పొటామోట్రైగాన్ చేపల రక్తంలో యూరియా నామమాత్రంగానే ఉందని శాస్త్రవేత్త థోర్సన్, ఆయన సహచరులు 1967లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. సముద్రపు చుట్టాల్లో అదనపు ఉప్పును బయటికి పంపే గ్రంథి వీటిలో కుంచించుకుపోయింది. అంటే ఇది పూర్తిగా నదికి అంకితమైపోయిన శరీరం. నత్రజని వ్యర్థాన్ని ప్రధానంగా అమ్మోనియా రూపంలో మొప్పల గుండా నీటిలోకి వదిలేస్తుంది. ఆ నీటిని అక్కడి నుంచి తీసుకుపోయే బాధ్యత నదిది. ట్యాంకులో ఆ బాధ్యత పెంచేవాడిది.

ఇక్కడే ఇంకో అలవాటును కూడా ఖండించాలి. నీళ్లు మార్చే బదులు గుప్పెడు ఉప్పు వేస్తే చేప తేరుకుంటుందని కొందరు సలహా ఇస్తారు. నైట్రైట్ పెరిగిన అత్యవసర వేళ కొద్దిపాటి ఉప్పులోని క్లోరైడ్ మొప్పల గుండా నైట్రైట్ లోపలికి పోకుండా అడ్డుకుంటుంది, నిజమే. అది ఆపద్ధర్మం. రోజువారీ పోషణకు ఉప్పే మందని చెప్పడం ఈ చేప శరీరతత్వం తెలియక చెప్పే మాట. పైగా ఉప్పు ఆవిరి కాదు, ఫిల్టర్‌లో ఆగదు. నీళ్లు మార్చకుండా వేస్తూ పోతే పేరుకుపోతుంది.

ఇక రెండో వాదన, ఫిల్టర్. ఫిల్టర్ చేసే పనిని తక్కువ చేయనక్కర్లేదు. అందులో కాపురముండే బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ తీవ్రమైన విషాలు, కాబట్టి ఈ మార్పు లేకపోతే రే బతకదు. కానీ మామూలు ఫిల్టర్‌లో కథ నైట్రేట్ దగ్గర ఆగిపోతుంది. నైట్రేట్ ఎక్కడికీ పోదు. సంప్ (ఫిల్టర్ ఉండే విడి తొట్టి) ఎంత పెద్దదైనా, మీడియా (బాక్టీరియా కాపురముండే పదార్థం) ఎంత ఖరీదైనదైనా, నైట్రేట్‌ను మరింత చురుగ్గా తయారుచేస్తుందే తప్ప బయటికి పంపదు. రొయ్యలు, చేపముక్కలు, వానపాములు కడుపునిండా తినే జీవి ఇది. దాని ట్యాంకులో నైట్రేట్ పెరగడం ఖాయం.

ఈ విషయంలో లెక్క అబద్ధమాడదు. ఉదాహరణకు ఒక ట్యాంకులో వారానికి 20 పీపీఎం చొప్పున నైట్రేట్ పెరుగుతోందనుకుందాం. పోసే నీటిలో అసలు లేదనుకుందాం. వారానికి 10 శాతం నీరు మారిస్తే నైట్రేట్ పెరిగి పెరిగి 200 పీపీఎం దగ్గర నిలబడుతుంది. వారానికి 25 శాతం మారిస్తే 80 దగ్గర, 50 శాతం మారిస్తే 40 దగ్గర ఆగుతుంది. వారానికి రెండుసార్లు 40 శాతం చొప్పున మారిస్తే 25కు మించదు. అనుభవమున్న పెంపకందారులు రే ట్యాంకులో నైట్రేట్ 20 చుట్టుపక్కల ఉండాలని కోరుకుంటారు. నెలకోసారి కాసిన్ని నీళ్లు మార్చాలనే సలహా ఏ అంకెకు దారితీస్తుందో ఎవరికి వారే లెక్క వేసుకోవచ్చు.

ఫిల్టర్ వల్ల జరిగే రెండో పని గురించి దాదాపు ఎవరూ మాట్లాడరు. బాక్టీరియా అమ్మోనియాను మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లాన్ని నీటిలోని క్షారత మింగుతుంది. 1 గ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేట్‌గా మారేసరికి సుమారు 7 గ్రాముల క్షారత ఖర్చయిపోతుంది. కొత్త నీరు రాకపోతే ఆ ఖర్చును పూడ్చేది లేదు. క్షారత అడుగంటగానే పీహెచ్ జారిపోతుంది. పీహెచ్ 6 కిందికి దిగితే ఆ బాక్టీరియా పనే మందగిస్తుంది. అప్పుడు అమ్మోనియా మారకుండా నీటిలో మిగిలిపోతుంది. ఏ ఫిల్టర్‌ను నమ్మి నీళ్లు మార్చడం మానేశారో ఆ ఫిల్టర్‌నే పాత నీరు పడకేయిస్తుంది.

మూడో వాదన ఎక్కువసేపు నిలవదు. గ్లాసు నీటిలో కరిగిన ఉప్పు కంటికి ఆననట్టే అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ కంటికి ఆనవు. తేటదనం నీటిలో తేలే నలుసుల సంగతి చెబుతుంది, కరిగి ఉన్న విషాల సంగతి చెప్పదు. చేప తింటోందన్న ఊరట కూడా చాలదు. నెమ్మదిగా చెడే నీటికి చేప కొంతవరకు సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు ఆరోగ్యం కాదు, ఓపిక.

ఇప్పుడు నాలుగోది: ‘నీళ్లు మార్చిన మర్నాడే పోయింది.’ అది ఎందుకు పోయిందో, పీహెచ్ జారడం, అమ్మోనియా మిగిలిపోవడం అనే పై రెండు విషయాలు కలిపి చూస్తే అర్థమవుతుంది. నెలల తరబడి మార్చని ట్యాంకులో పీహెచ్ 6కు పడిపోయింది, అమ్మోనియా పేరుకుంది. అయినా చేప బతికే ఉంది. కారణం, ఆ పీహెచ్‌లో అమ్మోనియా దాదాపు అంతా అమ్మోనియం అయాన్ రూపంలో ఉంటుంది. 28 డిగ్రీల నీటిలో పీహెచ్ 6 దగ్గర విషపూరితమైన అమ్మోనియా వాటా మొత్తంలో 0.1 శాతం కూడా ఉండదు. పీహెచ్ 7 దగ్గర 0.7 శాతం. పీహెచ్ 8 దగ్గర అది 6 శాతం దాటుతుంది. ఇప్పుడు ఆ ట్యాంకులోకి పీహెచ్ 8 ఉన్న గట్టి బోరు నీళ్లు ఒక్కసారిగా సగం పోశారు. క్షారత అడుగంటిన పాత నీరు ఎదురు నిలవలేదు, పీహెచ్ ఎగబాకింది. నిద్రాణంగా ఉన్న విషం కొద్ది గంటల్లోనే ఎన్నో రెట్లు మేల్కొంది. మొప్పలు దెబ్బతిన్నాయి, చేప చచ్చిపోయింది. యజమాని కళ్లకు కనిపించింది చివరి ఘటన మాత్రమే. ఆ ముందు నెలలన్నీ అతని లెక్కలోకి రాలేదు. కొత్త నీరు చంపిందని తీర్మానించుకుని తర్వాతి చేపకు ఇంకా తక్కువసార్లు నీళ్లు మారుస్తాడు. ఒక తప్పు మరో తప్పుకు సాక్ష్యమవుతుంది.

కాబట్టి అలా వదిలేసిన ట్యాంకును దారికి తెచ్చేటప్పుడు తొందర పనికిరాదు. ముందు అమ్మోనియా, పీహెచ్, క్షారత పరీక్షించాలి. మేత తగ్గించాలి. ట్యాంకు నీటికి పీహెచ్ దగ్గరగా ఉన్న నీటిని కొద్దికొద్దిగా, రోజూ, పరీక్ష చేసుకుంటూ మార్చుకుంటూ రావాలి. ఇది నా ప్రత్యర్థుల వాదనలో నేను ఒప్పుకునే ఏకైక భాగం: అకస్మాత్తు మార్పు ప్రమాదం. ఆ ప్రమాదానికి మందు మాత్రం వాళ్లు చెప్పే దానికి సరిగ్గా వ్యతిరేకం. తరచుగా మార్చే ట్యాంకులో పాత నీటికీ కొత్త నీటికీ తేడా పెరగదు. తేడా లేనిచోట అదురు ఉండదు.

ఇక పోసే నీటి సంగతి. నగరంలో మున్సిపల్ నీటికి క్లోరిన్ కలుపుతారు. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది భారత తాగునీటి ప్రమాణం. మనల్ని రోగాల నుంచి కాపాడే ఆ క్లోరిన్ రే చర్మాన్నీ మొప్పలనూ కాలుస్తుంది. విడి తొట్టిలో ఒక రోజు గాలి ఆడిస్తే క్లోరిన్ పోతుంది. హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, అప్పటికప్పుడు తీసేస్తుంది. తొట్టిలో ముందుగా కలిపి పోస్తే పోసే నీటి లెక్కకు వేస్తే చాలు. నేరుగా ట్యాంకులోకి పైపు పెట్టి నింపేవాళ్లు ట్యాంకు మొత్తం నీటి లెక్కకు, నింపడం మొదలుపెట్టే ముందే వేయాలి. క్లోరమైన్ వాడే నగరాల్లో నీటిని నిలవబెట్టినంత మాత్రాన అది పోదు. హైపో దాన్ని విరిచేస్తే అమ్మోనియా మిగులుతుంది. 2000 నుంచి క్లోరమైన్ వాడుతున్న అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో అక్వేరియం పెట్టుకున్న తెలుగువాళ్లకు అందుకే అమ్మోనియాను కూడా కట్టడి చేసే మందు కావాలి.

బోరు నీటిలో క్లోరిన్ ఉండదు కాబట్టి నిర్భయంగా పోయవచ్చనుకోవడం ఇంకో పొరపాటు. భూమి లోపలి నుంచి అప్పుడే వచ్చిన నీటిలో ప్రాణవాయువు తక్కువ, కరిగిన బొగ్గుపులుసు వాయువు ఎక్కువ. గాలి తగిలాక ఆ వాయువు పోయి పీహెచ్ పైకి లేస్తుంది. అందుకే బోరు నీటిని ఒక రోజు గాలి ఆడించాకే పరీక్షించాలి, వాడాలి. తాగునీటిలో నైట్రేట్‌కు భారత ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాములు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ హద్దు దాటిన భూగర్భజలాలు చాలాచోట్ల ఉన్నాయి. మీ బోరులోనే అంత నైట్రేట్ ఉంటే ఎంత మార్చినా ట్యాంకులో అంతకన్నా తగ్గదు. అప్పుడు ఆర్వో నీటిని తగు పాళ్లలో కలుపుకోక తప్పదు. పూర్తిగా ఆర్వో నీరే పోస్తే క్షారత ఉండదు, మళ్లీ పీహెచ్ జారే ప్రమాదం మొదటికొస్తుంది.

వేడి కూడా నీటి గుణమే. రే చేపకు 26 నుంచి 28 డిగ్రీలు హాయి. మే నెల మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నీరు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది, జనవరి తెల్లవారుజామున చల్లగా ఉంటుంది. థర్మామీటర్ పెట్టి చూసి, ఒకటి రెండు డిగ్రీల తేడాకు మించకుండా పోయాలి. నీళ్లు తోడే ముందు హీటర్ ఆపాలి. గాలికి తేలిన గాజు హీటర్ కాలి, కొత్త నీరు తగలగానే పగులుతుంది. రే హీటర్ మీద పడుకుని పొట్ట కాల్చుకోవడం కూడా మామూలే. హీటర్‌ను సంప్‌లో పెడితే ఈ రెండు బెడదలూ ఉండవు.

ఫిల్టర్‌ను కుళాయి కింద కడగకూడదు, క్లోరిన్ ఆ బాక్టీరియాను చంపేస్తుంది. తోడిన ట్యాంకు నీటిలోనే మీడియాను జాడించాలి, అదీ ఒకసారి కొంత భాగమే. అడుగున మిగిలిన మేతను ఆ పూటే తీసేయాలి. రే నేలను కరుచుకుని బతుకుతుంది. పొట్ట, నోరు, మొప్ప చీలికలు అడుగునే ఆనుతాయి. పైన తేటగా ఉన్న నీటికన్నా అడుగున కుళ్లుతున్న మలినమే దానికి దగ్గర. గరుకు రాళ్లకు బదులు సన్నటి ఇసుక పలచగా పరచడమో, అడుగు ఖాళీగా ఉంచడమో మేలు.

పరీక్షించే సాధనాలు దొరకవన్న సాకు చెల్లదు. భీమవరం, కైకలూరు ప్రాంతాల్లో రొయ్యల రైతులు పీహెచ్, క్షారత, అమ్మోనియా తెలుసుకోవడానికి ఆక్వా ల్యాబులకు నీటిని పట్టుకెళ్తారు. తెలుగునాట నీటిని చదవడం తెలిసినవాళ్లకు కొదవ లేదు. చెరువులో రొయ్యకు చేసే పరీక్ష ట్యాంకులో రే చేపకు ఎందుకు చేయకూడదు?

ఇంకొక అభ్యంతరం మనిషి భద్రత గురించి. ట్యాంకులో చెయ్యి పెట్టిన ప్రతిసారీ ముల్లు ప్రమాదం ఉంది కాబట్టి నిర్వహణ తగ్గించాలంటారు. ప్రమాదం నిజమే. తోక మీది రంపపు ముల్లుకు విషముంది. బ్రెజిల్‌లో విదాల్ హడ్డాడ్ జూనియర్ బృందం మంచినీటి రేల వల్ల గాయపడిన 84 మంది కేసులను అధ్యయనం చేసి 2004లో ప్రచురించింది. విపరీతమైన నొప్పి, కణజాలం చచ్చుబడటం ఆ గాయాల లక్షణాలు. కానీ నెలల తర్వాత ఒక్కరోజు ట్యాంకంతా కలియదిప్పి, బెదిరిన చేప పక్కన చేతులు పెట్టి, గంటల తరబడి కడగడమే ఎక్కువ ప్రమాదం. తరచూ చేసే చిన్న పనికి చెయ్యి ముంచనవసరమే లేదు. పొడవాటి సైఫన్ గొట్టం, పిడి పొడవుగా ఉన్న గీకుడు బద్ద, చేపను ఒక పక్కకు ఉంచే చిల్లుల ప్లాస్టిక్ పలక ఉంటే చాలు. చేప ఎక్కడుందో చూడకుండా చెయ్యి పెట్టకూడదు. వలతో పట్టకూడదు, ముల్లు చిక్కుకుంటుంది. గుచ్చుకుంటే, గాయమైన భాగాన్ని ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో, సుమారు 45 డిగ్రీలు మించకుండా, అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచితే నొప్పి తగ్గుతుంది. నొప్పిలో వేడి తెలియదు కాబట్టి ఆ నీటిని గాయం లేని చేత్తో ముందు చూసుకోవాలి. తర్వాత తప్పనిసరిగా ఆసుపత్రికి వెళ్లాలి.

చివరి అభ్యంతరం నీటి కొరత. దీన్ని నేను గౌరవిస్తాను, దాటవేయను. 7 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తున్న ట్యాంకులో, పై అంచు కొంచెం వదిలి నింపితే, సుమారు 1,100 లీటర్లు పడతాయి. వారానికి రెండుసార్లు 40 శాతం మారిస్తే 880 లీటర్లు, రోజుకు సగటున 126 లీటర్లు. మన పట్టణాల్లో ఒక మనిషికి రోజుకు 135 లీటర్లు అందాలన్నది ప్రమాణం. అంటే ఒక రే చేప ఇంట్లో ఇంకో మనిషంత నీరు అడుగుతోంది. బయటికి తీసిన నీటిని మొక్కలకు పోయవచ్చు, అందులోని నైట్రేట్ వాటికి ఎరువు. అయినా ఆ నీరు ముందు మన దగ్గర ఉండాలి. వేసవిలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఇంట్లో ఈ లెక్క కుదరదు. కుదరనప్పుడు చేపకు నీరు తగ్గించడం పరిష్కారం కాదు, చేపను కొనకపోవడమే పరిష్కారం. చిన్న ట్యాంకులకు, తక్కువ నీటికి తగిన చేపలు ఎన్నో ఉన్నాయి.

ఈ మాట గట్టిగా అనడానికి కారణముంది. ఈ చేపల సొంత నదులు ఇప్పటికే ఇరుకున పడ్డాయి. టొకాంటిన్స్ మీద టుకురూయి ఆనకట్ట 1984 నుంచి, షింగూ మీద బెలో మోంటే 2016 నుంచి విద్యుత్తు ఇస్తున్నాయి. 2022లో పనామాలో జరిగిన, వన్యజీవుల వాణిజ్య ఒప్పందమైన సైటిస్ సమావేశం లియోపోల్డి, హెన్లీతో సహా 7 పొటామోట్రైగాన్ జాతులను అంతర్జాతీయ వాణిజ్యంపై నియంత్రణ ఉండే రెండో అనుబంధంలో చేర్చింది. అలాంటి జీవిని ఇంటికి తెచ్చుకున్నవాడు నది చేసే పనిని నెత్తిన వేసుకున్నట్టే. ఆ పని బరువైతే దించుకోవచ్చు. దించుకుని, ‘ఈ చేపకు నీళ్లు మార్చకపోవడమే మంచిది’ అని సమర్థించుకోకూడదు.

అమ్మేవాళ్లను కోరేది ఒక్కటే. రే చేపను చేతిలో పెట్టేటప్పుడు దాని ధరతో పాటు వారానికి అడిగే నీటి లెక్క కూడా చెప్పండి. కొనేవాళ్లను కోరేది ఒక్కటే. ఫిల్టర్ ధర అడిగే ముందు మీ ఇంటి నీటి పీహెచ్, క్షారత, నైట్రేట్, క్లోరిన్ ఎంతో తెలుసుకోండి. ఆ నాలుగు అంకెలు తెలిసినవాడు నీళ్లు మార్చడానికి భయపడడు. తెలియనివాడికి నీళ్లు మార్చినా భయమే, మార్చకపోయినా ప్రమాదమే. భయపడాల్సింది కొత్త నీటికి కాదు, పరీక్షించని నీటికి.